పదిహేను మీటర్ల లోపు నిద్రపోయేవారి తరఫున

తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల కమిషనర్లకు, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) అధికారులకు, రెండు జిల్లాల అగ్నిమాపక అధికారులకు, పోలీసు సూపరింటెండెంట్లకు,

అయ్యా, అమ్మా,

మీరు రోజూ ఫైళ్లలో చూసే ఒక కొలత గురించి ఈ లేఖ రాస్తున్నాను. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వ్యాపార భవనం 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఉండాలి. నివాస భవనానికి ఆ హద్దు 18 మీటర్లు. బడి, సినిమా హాలు, కల్యాణ మండపం, గుడి లాంటి జనం చేరే చోటైతే 6 మీటర్ల ఎత్తు, లేదా 500 చదరపు మీటర్ల స్థలం. ఈ హద్దులు ఎందుకు పెట్టారో తెలుస్తూనే ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ నిచ్చెన అందదు, మనుషులు దిగి రావడానికి సమయం పడుతుంది. నేను ఒప్పుకోలేనిది వేరే ఉంది. ఆ హద్దుకు లోపల ఉన్న మిద్దెలో నిద్రపోతున్న మనిషిని మంటలు లేచినప్పుడు ఎవరు లేపాలన్న ప్రశ్నకు మన రెండు జిల్లాల్లో జవాబుదారీ లేడు. చట్టం తాకని చోట మన పని లేదనుకునే ధోరణి మీ శాఖలన్నిటిలో స్థిరపడిపోయింది. చట్టం చెప్పింది కనీసం చేయవలసిన పని. అంతకుమించి చేయవద్దని అది మీకు ఎక్కడ చెప్పింది?

2022 సెప్టెంబరు మీకు గుర్తుండాలి. కొత్త జిల్లాలు ఏర్పడి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. చిత్తూరు రంగాచారి వీధిలో, పేపరు ప్లేట్లు తయారుచేసే చోట అర్ధరాత్రి దాటాక నిప్పంటుకుంది. తండ్రి, కొడుకు, వారి మిత్రుడు చనిపోయారు. ఆ వారం గడవకముందే, సెప్టెంబరు 25 ఆదివారం తెల్లవారుజామున రేణిగుంటలో మరో ప్రమాదం జరిగింది. కింద ఆసుపత్రి, పైన డాక్టరు గారి కాపురం. ఆయనా, ఆయన ఇద్దరు పిల్లలూ పోయారు. వారం తిరగకుండా ఆరు ప్రాణాలు పోయాయి. ఈ రెండు చోట్లా ఉన్నవి పది పన్నెండు అంతస్తుల భవంతులు కావు. కింద పని, పైన నిద్ర. తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి కొర్లగుంట దాకా, చిత్తూరులో హైరోడ్డు నుంచి ఏ సందులోకి తిరిగినా కనిపించే మామూలు మిద్దెలు. ఈ ఊళ్లలో సగం బతుకు అలాంటి మిద్దెల్లోనే గడుస్తుంది.

ఆ తర్వాత ఏం జరిగింది? షార్ట్ సర్క్యూట్ అన్నారు, సానుభూతి తెలిపారు. ప్రతి ప్రమాదం తర్వాతా మీ నుంచి వచ్చే మొదటి మాట షార్ట్ సర్క్యూటే. వైరు కాలడం ఒక్కటే చావుకు కారణమైతే, పగటిపూట కాలిన అంగళ్లలో కూడా అంతే మంది చావాలి. కాని పగలు జనం పరుగెత్తుకుంటూ బయటికొస్తారు. 2023 జూన్ 16న తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫొటో ఫ్రేముల అంగడి భవనం నిలువునా తగలబడింది. ఫ్రేముల చెక్క, రంగులు అన్నీ మంటకు మేతే. ఊరంతా వణికింది. స్వామివారి రథానికే నిప్పంటుకుందని పుకారు పుట్టి, టీటీడీ ఖండించుకోవలసి వచ్చింది. అదే మంట రాత్రి రెండు గంటలప్పుడు లేచి, పైన ఒక కుటుంబం నిద్రలో ఉండి ఉంటే? ఆ ఊహను మీరు ఒక్కసారి చివరిదాకా తీసుకెళ్లి చూడండి.

నిద్రలో మనిషిని చంపేది ఎక్కువగా మంట కాదు, పొగ. ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ప్లాస్టిక్, ఫోము, థర్మాకోలు కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు. ఉన్నా లాభం లేదు, గాఢనిద్రలో ఉన్నవాడిని వాసన లేపుతుందన్న నమ్మకం పెట్టుకోలేం. చెవి మాత్రం నిద్రలోనూ మేలుకునే ఉంటుంది. అందుకే ఫైర్ అలారాలకు సంబంధించిన మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2189, జనం నిద్రించే చోట అలారం మోత తలగడ దగ్గర 75 డెసిబెల్స్ ఉండాలంటుంది. మిగతా చోట్ల సాధారణంగా 65 చాలు. అంటే ఆ ప్రమాణం రాసినవాళ్లు తలుపు మూసిన గదిలో, ఫ్యాను శబ్దంలో, రోజంతా నడిచి అలసి పడుకున్న మనిషిని తలుచుకుని ఆ అంకె రాశారు. మీ తనిఖీల్లో ఎన్నిసార్లు తలగడ దగ్గర నిలబడి ఆ మోత విన్నారు? లాడ్జి వరండాలో ఎర్ర పెట్టె కనిపిస్తే చాలుననుకుంటున్నారా?

తిరుపతి గురించి ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ప్రతి రాత్రి ఈ ఊళ్లో ఊరి జనంతో పాటు వేలాది పరాయివాళ్లు నిద్రపోతారు. సేలం నుంచి, కోలారు నుంచి, షోలాపూరు నుంచి వచ్చినవాళ్లు. బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషను ఎదుట, తిలక్ రోడ్డు సందుల్లో ఒకే గదిలో ఐదారుగురు సర్దుకుంటారు. కొండమీద క్యూలో గంటలకొద్దీ నిలబడి, గుండు చేయించుకున్న పసిపిల్లల్ని భుజాన వేసుకుని దిగి వచ్చి, ఒళ్లు తెలియకుండా పడుకుంటారు. ఆ మిద్దెలో మెట్లు ఏ మూలన ఉన్నాయో వాళ్లకు తెలియదు. వెనకాల రెండో దారి ఉందో లేదో తెలియదు. గోడమీద కాగితం అతికించినా ఆ భాష రాదు. గంట మోతకు మాత్రం భాష అక్కరలేదు. ఆ యాత్రికుల రాకతో నడిచే నగరం ఇది. పన్నులు, అద్దెలు, వ్యాపారం, ఆటోవాడి కూలి అన్నీ వాళ్లు తెచ్చేవే. లాడ్జి రిజిస్టరులో వాళ్ల ఆధార్ నంబరు ఎక్కిందా లేదా అని పోలీసులు చూస్తారు. మంచిదే. వాళ్లు ప్రాణాలతో లేచే ఏర్పాటు ఉందా అని చూసేదెవరు?

ఎస్పీ గారూ, ఇక్కడ మీతో ప్రత్యేకంగా మాట్లాడాలి. దొంగతనాల విషయంలో మీ శాఖ చేసిన పని చూసి గర్వపడతాను. ఊరికి వెళ్లేవాళ్లు యాప్‌లో కోరితే చాలు, బీగం వేసిన ఇంట్లో మీ సిబ్బంది కెమెరా పెట్టి వెళతారు. లోపల కదలిక కనబడితే కంట్రోల్ రూములో అలారం మోగుతుంది. దీనికి ఇంటివాళ్ల నుంచి పైసా తీసుకోరు. ఆ ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పద్ధతి చట్టం బలవంతపెట్టి తెచ్చినది కాదు, మీ శాఖ ముందుకొచ్చి చేసినది. అలాగే 2013 ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలని, 30 రోజుల దృశ్యాలు దాచాలని ఆదేశించింది. ఖాళీ ఇంట్లోని బంగారానికి అలారం పెట్టగలిగాం. జరిగిపోయినదాన్ని చూపించే కెమెరాకు చట్టం చేయగలిగాం. మనుషులున్న ఇంటికి, జరగబోయేదాన్ని ముందే చెప్పే గంటకు ఎందుకు చేయలేకపోయాం?

ఇంకో సంగతి ఉంది. దొంగల భయంతో మనం చేసుకున్న ఏర్పాట్లే మంటల వేళ మనల్ని బంధిస్తున్నాయి. ప్రతి కిటికీకి ఇనుప గ్రిల్. బాల్కనీకి గ్రిల్. మెట్ల మొదట్లో మడతల గేటు, దానికి లోపలి నుంచి బీగం, ఆ తాళంచెవి ఇంటాయన తలగడ కింద. మిద్దె పైకి వెళ్లే తలుపుకు మరో బీగం. ఇళ్లు భద్రం చేసుకోమని పోలీసులు చెబుతారు, దారులు తెరిచి ఉంచమని అగ్నిమాపక సిబ్బంది చెబుతారు. రెండూ సరైన మాటలే. కాని ఈ రెండు శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే ఇంటిని దృష్టిలో పెట్టుకుని, ఒకే మాటగా ప్రజలకు చెప్పవలసిన అవసరం లేదా? లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గొళ్లెం, ఒక్క కిటికీకైనా తెరుచుకునే గ్రిల్, కింద అంగట్లో పొగ లేస్తే పై పడకగదిలో మోగే అలారం. దొంగకు అడ్డుగా ఉంటూనే ఇంటివాళ్లకు దారి ఇచ్చే పద్ధతులు ఇవి. ఇది రాకెట్ శాస్త్రం కాదని పక్కనే శ్రీహరికోట ఉన్న మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా?

ఇక అలారాలు బిగించేవాళ్ల సంగతి. కాపలాదారుల్ని సరఫరా చేసే ఏజెన్సీలకు 2005 కేంద్ర చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఇంటికి, అంగడికి, లాడ్జికి అలారం బిగించి వెళ్లేవాడికి ఏ అర్హత ఉండాలో మన నగరాల్లో ఎవరు నిర్ణయిస్తున్నారు? అతను బిగించిన డిటెక్టరు పనిచేస్తుందో లేదో, బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరి పుస్తకంలో రాసి ఉంటుంది? అంగడి సైరను అర్ధరాత్రి ఎలుక తిరిగినందుకు మోగితే వీధంతా లేచి, తిట్టుకుని, మళ్లీ పడుకుంటుంది. నాలుగోసారి ఎవరూ లేవరు. ఐదోసారి దొంగే వచ్చినా అంతే. అమెరికాలో చాలా నగరాలు ఈ బాధను స్థానిక నిబంధనలతో ఎదుర్కొన్నాయి. అలారం పెట్టుకునేవాడు నగర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి, ఉత్తుత్తి మోతలు హద్దు మీరితే జరిమానా కట్టాలి. సాల్ట్ లేక్ సిటీ 2000లోనే ఇంకో అడుగు వేసి, ఎవరైనా కళ్లారా చూసి నిర్ధారిస్తేనే పోలీసులు వస్తారని దొంగతనాల అలారాలకు నియమం పెట్టింది. మనకు అంత దూరం అవసరం లేదు. కాని ఎవరి అలారం ఎక్కడుంది, మోగితే ఎవరికి ఫోను చేయాలి అన్న జాబితా కూడా లేకపోతే నగరాన్ని ఎలా కాపాడతారు?

ఉత్తుత్తి మోతల భయం మన దగ్గర ఇంకా ఎక్కువని నాకు తెలుసు. సాంబ్రాణి పొగ, కర్పూర హారతి, ఎండుమిరపకాయల తాలింపు లేని ఇల్లు ఈ సీమలో ఉందా? వంటింటి గుమ్మంలో పొగ డిటెక్టరు పెడితే రోజుకు మూడుసార్లు మోగుతుంది, వారం తిరగకముందే ఇల్లాలు దాన్ని ఊడదీయిస్తుంది. ఆమె తప్పేమీ లేదు. అందుకే ఏది ఎక్కడ పెట్టాలో మీరు చెప్పాలి. వంటింట్లో, పూజగదిలో వేడిని పసిగట్టేది. మెట్ల పైన, పడకగది బయట పొగను కాంతితో పసిగట్టేది. ఇవి మామూలు మనిషికి తెలిసే సంగతులు కావు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944లో బొంబాయి రేవులో పేలుడు మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది జ్ఞాపకార్థం మొదలైన వారమది. ఆ వారంలో గ్యాసు సిలిండరు మంట ఎలా ఆర్పాలో కూడళ్లలో చూపిస్తారు. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఆ పక్కనే ఒక చిన్న బల్లమీద బ్యాటరీతో నడిచే స్మోక్ అలారం పెట్టి, మీట నొక్కి, దాని మోత ఎలా ఉంటుందో వినిపించండి. దాని ధర తిరుపతిలో ఒక మంచి ఏసీ గది ఒక్కరోజు అద్దెకు మించదు.

మదనపల్లె సంగతి కూడా చెప్పాలి. 2024 జూలై 21 రాత్రి అక్కడి సబ్ కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయాయి. మర్నాడే డీజీపీ హెలికాప్టరులో వచ్చారు. భూముల రికార్డులు జనం బతుకులు కాబట్టి ఆ తొందర న్యాయమైనదే. కాని రంగాచారి వీధిలో ముగ్గురు, రేణిగుంటలో ముగ్గురు పోయినప్పుడు అందులో పదోవంతు తొందరతో ‘ఈ మిద్దెల్లో గంట ఎందుకు మోగలేదు’ అని ఎవరైనా అడిగారా? కాగితం పోతే నకలు వెతకవచ్చు. రేణిగుంట పిల్లలకు నకలు ఎక్కడ వెతుకుతాం?

చట్టం మారాలంటే అమరావతిలో మారాలి, మా చేతుల్లో ఏముంది అని మీరనవచ్చు. జపాన్ ఏం చేసిందో చూడండి. 2001 సెప్టెంబరు 1న టోక్యోలోని కబుకిచో పేటలో నాలుగంతస్తుల చిన్న భవనం కాలి 44 మంది చనిపోయారు. ఒకటే ఇరుకు మెట్లదారి, దాని నిండా సామాన్లు. అలారం ఉంది, కాని ఊరికే మోగుతోందని ఆపేసి పెట్టారు. అప్పటిదాకా అక్కడా ఒక హద్దు ఉండేది, మన చట్టంలో కనిపించే 500 చదరపు మీటర్లే. మరుసటి ఏడాదే చట్టాన్ని సవరించారు. జనం వచ్చిపోయే భవనానికి ఒకటే మెట్లదారి ఉంటే, విస్తీర్ణం ఎంత చిన్నదైనా అలారం తప్పనిసరి అన్నారు. కొలవవలసింది గోడల పొడవు కాదు, తప్పించుకునే దారి అని గుర్తించారు. తర్వాత 2004లో ఇళ్లకూ స్మోక్ అలారం తప్పనిసరి చేసినప్పుడు, కొత్త ఇళ్లకు 2006 గడువు పెట్టి, పాత ఇళ్లకు 2011 లోపు ఎప్పుడన్నది స్థానిక సంస్థలకే వదిలారు. ఏ ఊరికా ఊరు తన గడువును తానే రాసుకుంది. నేను మిమ్మల్ని అడుగుతున్నది ఆ స్థానిక బాధ్యతే.

మీ చేతుల్లో ఏమీ లేదన్న మాట నిజం కాదు. ప్రమాదకర వ్యాపారాలకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది, పునరుద్ధరించేది నగరపాలక సంస్థే. భవనానికి ప్లాను ఆమోదించేది నగరపాలక సంస్థ, తుడా. లాడ్జిల రిజిస్టర్లు చూసేది పోలీసులు. ప్రమాదం తర్వాత వెళ్లి కారణం రాసేది అగ్నిమాపక శాఖ. ఈ నాలుగు చోట్ల ఒక్క గడి అదనంగా చేర్చండి: ఈ మిద్దెలో ఎవరైనా నిద్రపోతారా? అవునంటే పనిచేసే స్మోక్ అలారం ఉందా? దాన్ని ఏ తేదీన మోగించి చూశారు? కింద వ్యాపారం, పైన కాపురం ఉన్న చోట కింది డిటెక్టరు మోత పైన వినబడాలన్న షరతు పెట్టకుండా లైసెన్సు పునరుద్ధరించకండి. ఒకటే మెట్లదారి ఉన్న లాడ్జిలను ఎత్తుతో పని లేకుండా మొదటి జాబితాలో పెట్టండి. ప్లాస్టిక్, కాగితం, థర్మాకోలు, రంగులు, వాహనాల బ్యాటరీలు నిలవచేసే అంగళ్లను రెండో జాబితాలో. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల షోరూములో లేచిన మంట పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మందిని చంపింది. చిత్తూరు, రేణిగుంట ప్రమాదాలు ఆ నెలలోనివే. అలాంటి షోరూములు ఇప్పుడు మన వీధుల్లోనూ ఉన్నాయి, వాటి పైన గదులూ ఉన్నాయి.

పేదవాళ్ల మీద భారం వేయమని నేను అడగడం లేదు. జరిమానాతో మొదలుపెట్టకండి. ఇంట్లోనే పేపరు ప్లేట్లు చేసుకునే కుటుంబానికి, మిషను కుట్టుకునే వితంతువుకు, పుత్తూరు, నగరి వైపు మగ్గాల పక్కనే పడుకునేవాళ్లకు స్మోక్ అలారాన్ని నగరపాలక, పురపాలక నిధులతో ఇవ్వండి. ఊరెళ్లేవాడి ఇంటికి ఉచితంగా కెమెరా ఇవ్వగలిగిన ప్రభుత్వానికి ఇది తలకు మించిన పని కాదు. లాడ్జి యజమానులకు మాత్రం గడువు పెట్టండి. గడువు దాటితే గది అద్దెకు ఇవ్వనివ్వకండి. తనిఖీ వివరాలను లాడ్జి కౌంటరు దగ్గరే అతికించండి. ఫలానా తేదీన అలారం మోగించి చూశాం, ఫలానా తేదీన మళ్లీ చూస్తాం అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో రాయండి. అద్దె బేరమాడే ముందు యాత్రికుడు ఆ కాగితం చదువుకుంటాడు. మంచి లాడ్జి నడిపే యజమానికి అదే ప్రచారం.

ఈ లేఖకు జవాబుగా మళ్లీ ఒక అవగాహన సదస్సు వద్దు. నాకు కావలసింది రెండు తేదీలు. తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కల ఒకటే మెట్లదారి ఉన్న లాడ్జిల జాబితాను ఏ తేదీన ప్రజల ముందు పెడతారు? కింద వ్యాపారం, పైన కాపురం ఉన్న మిద్దెల లెక్కింపును చిత్తూరు రంగాచారి వీధి నుంచి ఏ తేదీన మొదలుపెడతారు?

ఆ రెండు తేదీల కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
తిరుపతి నగర పౌరుడు